ముప్పై ఆరు బ్లేడ్ల వెనక ఒక హోవర్డ్

తొలకరి ముందు స్పేర్ పార్టుల దుకాణంలో, ట్రాక్టర్ వెనక తిరుగుతూ మట్టిని గుల్ల చేసే రోటావేటర్‌కు బ్లేడ్లు అడిగితే కౌంటర్ మీది కుర్రాడు వెంటనే అంటాడు, "లెఫ్టు ఎన్నన్నా, రైటు ఎన్ని?" ఐదడుగుల మిషన్ అయితే ఆలోచించే పనే లేదు. లెఫ్టు 18, రైటు 18. గోనె సంచిలో వేసి, బోల్టులు విడిగా కట్టి ఇస్తాడు. ఆ సంచిలోంచి ఏ బ్లేడు తీసి చూసినా వంపు ఒకటే. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా నిలువుగా దిగి, అడుగున పక్కకు తిరిగి ఉంటుంది. ఈ వంపును పనికొచ్చేలా కుదిర్చినవాడు ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే ఆస్ట్రేలియా రైతుబిడ్డ. తెలిసినవాళ్లకు క్లిఫ్. 1893 ఏప్రిల్ 4న న్యూ సౌత్ వేల్స్‌లోని క్రూక్‌వెల్‌లో పుట్టాడు. మన పల్లెల్లో ఆయన పేరు ఎవరికీ తెలియదు, ఆయన ఖాయం చేసిన మాట మాత్రం అందరి నోటా ఉంది. "రోటావేటర్ వేయించావా?" అని అడగని దుక్కి కాలం ఇప్పుడు ఏ మండలంలోనూ లేదు.

హోవర్డ్ కథ 1912లో గిల్గాండ్రాలో, తండ్రి పొలంలో మొదలవుతుంది. అప్పటికి వయసు 19. నాగలి మట్టిని తిరగేసే మాట నిజమే. కానీ పైకి ఎత్తే బలానికి సరిపడా కిందికి తొక్కుతుంది కూడా. కర్రు అడుగు రాసుకుంటూ పోయిన చోట, లాగే బండి చక్రం చాల్లో నడిచిన చోట అడుగు మట్టి బిగుసుకుపోతుంది. పైన గుల్ల, కింద పలక. మట్టిని తొక్కకుండా గుల్ల చేయలేమా అన్నది ఆ కుర్రాడి ప్రశ్న. తండ్రికి ఆవిరి ట్రాక్టర్ ఉండేది. నాగలిని లాగడానికి వాడే ఆ ఇంజన్ బలాన్ని, మట్టిని తవ్వే పరికరాన్నే తిప్పడానికి మళ్లిస్తే ఏమవుతుందో చూశాడు. మట్టి అణగకుండానే గుల్ల అయింది.

ఆ మొదటి నమూనాల్లో ఒక లోపం ఉండేది. తవ్విన మట్టిని పక్కకు విసిరేసేవి. అలా విసిరితే పొలంలో ఒక పక్క గట్టు లేస్తుంది, ఇంకో పక్క గాడి పడుతుంది. నీళ్లు కట్టే మడిలో ఇది జరిగితే ఏమవుతుందో రైతుకు చెప్పక్కర్లేదు. దాన్ని సరిదిద్దడానికి హోవర్డ్ మూడు సంగతులు కలిపాడు. బ్లేడును ఎల్ ఆకారంలో వంచాడు. ఆ బ్లేడ్లను బిగించే గుండ్రటి పలకలను, అంటే ఫ్లాంజీలను, దూరదూరంగా పెట్టాడు. వాటిని మోస్తూ తిరిగే ఇరుసును, అంటే రోటర్‌ను, సన్నగా ఉంచాడు. వందేళ్లు దాటాక కూడా మన షెడ్డుల్లో ఉన్న దాదాపు ప్రతి రోటావేటర్‌లో ఈ మూడూ అలాగే ఉన్నాయి.

మూడూ ఎందుకు కావాలో బ్లేడు చేతిలో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. నిలువు కాలు కత్తి పని చేస్తుంది, మట్టిని పై నుంచి చీలుస్తుంది. అడుగున తిరిగిన పాదం పార పని చేస్తుంది, చీలిన ముక్కను అడుగున కోసి లేపుతుంది. ఎడమ వంపు బ్లేడు మట్టిని ఒక పక్కకు తోస్తే, ఎదురుగా పక్క ఫ్లాంజి మీది కుడి వంపు బ్లేడు తిరిగి ఇటు తోస్తుంది. రెండు తోపులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మట్టి ఎక్కడిదక్కడే పడుతుంది. ఫ్లాంజీల మధ్య జానెడు పైచిలుకు ఖాళీ ఉంటుంది కాబట్టి తడి మట్టి, కొయ్యకాళ్లు ఇరుక్కోకుండా జారిపోతాయి. దగ్గర దగ్గరగా పెట్టి ఉంటే నాలుగు చుట్లు తిరిగేసరికి రోటర్ మట్టి దుంగ అయి కూర్చునేది. ఇక రోటర్ చిన్నదైతే బ్లేడు కొసకు, ఇరుసుకు మధ్య దూరం తగ్గుతుంది, అదే దెబ్బకు గేర్‌బాక్స్ మీద పడే మెలి భారం తగ్గుతుంది.

ఆ 36 లెక్క కూడా ఇక్కడి నుంచే వస్తుంది. ఐదడుగుల మిషన్‌లో 7 ఫ్లాంజీలు. మధ్యలో ఉన్న 5 ఫ్లాంజీలకు ఒక్కోదానికి 6 బ్లేడ్లు, 3 ఎడమవి, 3 కుడివి. రెండు చివరల ఫ్లాంజీలకు లోపలి వైపు తిరిగిన 3 బ్లేడ్లే. బయటికి తిరిగితే సైడు రేకును, గేర్ కేసును కొట్టేస్తాయి. 30కి 6 కలిపితే 36. ఆరడుగుల మిషన్‌లో ఇంకో ఫ్లాంజి పెరిగి 42, ఏడడుగులకు 48. కంపెనీని బట్టి అటూ ఇటూ ఉండొచ్చు గానీ ఎక్కువ మిషన్లకు ఇదే లెక్క. దుకాణానికి వెళ్లేముందు ఎన్ని బ్లేడ్లు అని తడుముకునేవాళ్లు ఫ్లాంజీలు లెక్కపెట్టుకుంటే చాలు.

బిగించేటప్పుడు జరిగే తప్పులు రెండు. మొదటిది, పదును వైపు వెనక్కి పెట్టడం. రోటర్ చక్రాల దిశలోనే తిరుగుతుంది, అంటే బ్లేడు ముందు నుంచి పై నుంచి కిందికి కొడుతుంది. చెక్కిన అంచే ముందు మట్టిని తాకాలి. తిరగేసి బిగిస్తే బ్లేడు వీపుతో మట్టిని బాదుతుంది. మిషన్ దిగదు, ఇంజన్ నల్లపొగ కక్కుతుంది, డ్రైవరేమో నేల గట్టిగా ఉందంటాడు. రెండోది వరస తప్పడం. రోటర్‌ను ఒక చివర నుంచి చూస్తే బ్లేడ్లు మెట్ల బావి మెట్లలా మెలికగా పైకి పోతున్నట్టు కనిపించాలి. ఏ రెండు బ్లేడ్లూ ఒకేసారి నేలను తాకకూడదనే ఆ మెలిక. ఒకదాని తర్వాత ఒకటి తాకితే గేర్‌బాక్స్ మీద భారం ఏకధారగా ఉంటుంది. వరస తప్పి నాలుగైదు ఒకేసారి కొడితే "దబ్... దబ్" అని మోత వస్తుంది, షాఫ్ట్ కీళ్లలోని క్రాసులు అరుగుతాయి, బోల్టులు తెగుతాయి. పాత బ్లేడ్లన్నీ ఒకేసారి విప్పి కుప్ప పోయకుండా, ఒక ఫ్లాంజి విప్పి అదే వరసలో కొత్తవి బిగించి పక్కదానికి పోతే ఈ తలనొప్పి ఉండదు.

తిరిగే పరికరంతో మట్టి తవ్వాలన్న ఊహ హోవర్డ్ ఒక్కడిదే అనడం అన్యాయం. స్విట్జర్లాండ్‌లో కొన్రాడ్ ఫాన్ మేయెన్‌బుర్గ్ 1910 ప్రాంతానికే తిరిగే గోళ్ల యంత్రం తయారు చేశాడు, దాన్ని జర్మనీలో సీమెన్స్ వాళ్లు తయారు చేసి అమ్మారు. ఆయనది స్ప్రింగు గోళ్ల దారి. కోడి నేలను గీకినట్టు గీకుతూ పోతుంది, రాయి తగిలితే గోరు వంగి తప్పుకుంటుంది. తోటల మెత్తటి మట్టిలో బాగుంటుంది, గడ్డి పట్టిన గట్టి నేలలో ఆ గోరు నిలవడం కష్టం. హోవర్డ్ బ్లేడు వంగదు. నరుకుతుంది.

అదే రోజుల్లో అమెరికాలో ఇంకో దారి నడిచింది. వెస్ట్ వర్జీనియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గ్రేవ్లీ అనే ఫొటోగ్రాఫర్ మోటార్‌సైకిల్ భాగాలతో చేత్తో పట్టుకు నడిపే ఒంటి చక్రం దున్నే బండి చేసి, 1916లో పేటెంట్ తీసుకుని, 1922లో డన్‌బార్‌లో కంపెనీ పెట్టాడు. పెరటి ట్రాక్టర్ల చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా ఆ అమెరికా దారినే తలుస్తారు. అది చిన్న బండితో నాగలిని లాగించే దారి. హోవర్డ్ లాగడమే మానేశాడు. మనకు చుట్టరికం ఉన్నది హోవర్డ్ దారితోనే.

హోవర్డ్, తనతో పాటు పని నేర్చుకున్న అప్రెంటిస్ ఎవెరార్డ్ మెక్లియరీ కలిసి ఈ యంత్రం తయారు చేయడానికి కంపెనీ పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఆ పని ఆగిపోయింది. 1919లో హోవర్డ్ మళ్లీ మొదలుపెట్టాడు. 1920లో పేటెంట్ తీసుకున్న నమూనాకు 5 తిరిగే బ్లేడ్లు, సొంత ఇంజన్ ఉన్నాయి. 1922 మార్చిలో ఆస్ట్రల్ ఆటో కల్టివేటర్స్ కంపెనీ పెట్టాడు. తర్వాత దాని పేరే హోవర్డ్ ఆటో కల్టివేటర్స్ అయింది. 1927 నుంచి సిడ్నీ శివారు నార్త్‌మీడ్ దాని చిరునామా. పెద్ద పొలాలకు ట్రాక్టర్ వెనక తగిలించేవి, తోటలకు వెనక నడుస్తూ పట్టుకునే చిన్నవి, రెండు రకాలూ వచ్చాయి. ఇంగ్లండ్‌లో తయారైన చేతి యంత్రాల్లో జెమ్, బాంటమ్ అనే పేర్లు పాత యంత్రాలు పోగుచేసే వాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తాయి.

ఆ చిన్న యంత్రాల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన పవర్ టిల్లర్ నడిపే ప్రతివాడికీ తెలిసిన తిప్పలు అక్కడే పుట్టాయి. బ్లేడ్లు చక్రాల దిశలోనే తిరుగుతాయి కాబట్టి మెత్తటి నేలలో మట్టిలోకి దిగి తవ్వుతాయి, గట్టి నేల తగిలితే అవే చక్రాలై పరిగెడతాయి. మనిషి చేతిలో ఉన్న యంత్రం ఒక్కసారి ముందుకు దూకుతుంది. చిన్న పెరటి టిల్లర్లలో చక్రాలకు ఇంజన్ బలం ఉండదు, వెనక ఒక ఇనుప కడ్డీ నేలలో గుచ్చుకుని ఆపాలి. ఆ కడ్డీ ఎంత లోతు దిగితే బండి అంత నెమ్మది, బ్లేడు అంత లోతు. కడ్డీ తీసేసి నడిపేవాడి భుజాలు సాయంత్రానికి తెలుస్తాయి. పెద్ద చేతి యంత్రాల్లో చక్రాలకూ గేరు ఉంటుంది, చక్రం బండిని ముందుకు లాగడం కంటే రోటర్‌ను వెనక్కి పట్టి ఉంచడమే అక్కడ అసలు పని. అందుకే గట్టి నేలలో చక్రానికి అతి తక్కువ గేరు వేయాలి, మొదటి సారి రెండంగుళాలు మాత్రమే దించి, రెండో సారి లోతు పెంచాలి. ఒకే సారి పూర్తి లోతు దించాలని చూస్తే దూకడం తప్పదు.

1960ల నుంచి జపాన్ సాంకేతికతతో మన దేశంలో తయారైన పవర్ టిల్లర్లు కొబ్బరి, అరటి తోటల్లో, మాగాణి మళ్లలో తిరుగుతున్నాయి. వాటి బ్లేడు ఎల్ కంటే ఎక్కువ గుండ్రం, కొడవలిలా వంగి ఉంటుంది. బురదలో, నీళ్లు పెట్టిన మడిలో ఆ వంపు మీద గడ్డి, మట్టి పట్టుకోకుండా జారిపోతుంది. మెట్ట నేలను పొడి చేయడానికి ఎల్, దమ్ముకు, అంటే నీళ్లు పెట్టిన మడిని బురద చేయడానికి, కొడవలి వంపు. ఒకదాని పని రెండోది చేయలేదని కాదు, చేస్తుంది, డీజిల్ ఎక్కువ తాగి చేస్తుంది. పవర్ టిల్లర్ కొత్తగా పట్టేవాళ్లకు ఇంకో మాట చెప్పి తీరాలి. చదును నేలలో ఎడమ క్లచ్చి నొక్కితే బండి ఎడమకు తిరుగుతుంది. దిగుడు గట్టు మీద నొక్కితే కుడికి తిరుగుతుంది. క్లచ్చి నొక్కిన చక్రం వదులై పల్లానికి జోరుగా దొర్లుతుంది, రెండో చక్రాన్ని ఇంజన్ పట్టి ఉంచుతుంది. కాలవ గట్టు దిగేటప్పుడు ఈ సంగతి తెలియక బండితో సహా కాలవలో పడేవాళ్లు ఉంటారు. దిగుళ్లలో క్లచ్చి ముట్టకుండా హ్యాండిల్‌తోనే తిప్పాలి. ఇంకోటి, బ్లేడ్లు తిరుగుతుండగా రివర్స్ గేరు వేయకూడదు. నడిపేవాడి కాళ్లు ఆ వెనకే ఉంటాయి.

1938 నాటికి హోవర్డ్ యంత్రాలకు గిరాకీ సిడ్నీ ఫ్యాక్టరీ అందుకోలేనంత అయింది. ఆయన ఇంగ్లండ్ వెళ్లి, ఆ జూలైలో ఎసెక్స్‌లోని ఈస్ట్ హోర్న్‌డన్‌లో రోటరీ హోస్ కంపెనీ పెట్టాడు. తర్వాత అమెరికా, దక్షిణాఫ్రికా, జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, బ్రెజిల్, మలేషియాల్లో శాఖలు తెరుచుకున్నాయి. రోటరీ, కల్టివేటర్ అనే రెండు మాటలు నలిపి కట్టిన రోటావేటర్ అనే పేరు హోవర్డ్ సరుకుకు ముద్ర. ముద్ర పోయి అది జాతి పేరు అయింది, డాల్డా అంటే వనస్పతి అయినట్టు. ఆ పేరులో ఒక చమత్కారం కూడా ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వెనక నుంచి చదివినా రోటావేటరే వస్తుంది. మన తెనాలి రామకృష్ణుడి "వికటకవి" లాంటిదన్న మాట. తెలుగులో రాస్తే ఆ సరదా పోతుంది, ఏం చేస్తాం.

రోటావేటర్ పని బాగుందా లేదా అన్నది ఒక్క కొలత మీద ఆధారపడి ఉంటుంది. ఒక బ్లేడు కోసిన చోటికి, తర్వాతి బ్లేడు కోసే చోటికి మధ్య దూరం ఎంత? లెక్క కష్టమేం కాదు. రోటర్ నిమిషానికి 200 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒకే వరసలో 3 బ్లేడ్లు కోస్తాయి కాబట్టి నిమిషానికి 600 కోతలు. ట్రాక్టర్ గంటకు 3 కిలోమీటర్లు పోతే నిమిషానికి 50 మీటర్లు, అంటే 5,000 సెంటీమీటర్లు. 600తో భాగిస్తే కోతకు 8 సెంటీమీటర్ల పైన, ఇంచుమించు నాలుగు వేళ్ల వెడల్పు. మొక్కజొన్నకు, పత్తికి ఈ పెళ్ల సరిపోతుంది. నారుమడికి, కూరగాయలకు సన్నం కావాలంటే గంటకు 2 కిలోమీటర్లకు తగ్గించాలి, కోత ఐదున్నర సెంటీమీటర్లకు వస్తుంది. ఎకరానికి ఇంత అని కిరాయి మాట్లాడుకున్న డ్రైవర్ గంటకు నాలుగున్నర కిలోమీటర్లు తోలితే కోత పన్నెండున్నర సెంటీమీటర్లు. పైన మట్టి పరిచినట్టే కనిపిస్తుంది, కాలితో గీకితే కింద పెళ్లలు అలాగే ఉంటాయి. ఐదడుగుల మిషన్ గంటకు 3 కిలోమీటర్ల మీద, మలుపులు, ఒరుసుకునే చాళ్లు పోను, ఎకరం కంటే కాస్త తక్కువే చేస్తుంది. గంటలో రెండెకరాలు అయిపోయాయంటే ఆ పని ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. గంట లెక్కన కిరాయి మాట్లాడుకోవడమే రైతుకు మేలు.

సన్నదనానికి ఇంకో మీట వెనక రేకు. బ్లేడు విసిరిన పెళ్ల ఆ రేకుకు కొట్టుకుని పగులుతుంది. రేకు గొలుసు దించి కట్టితే మట్టి లోపలే తిరిగి మెత్తనవుతుంది, ఎత్తి కట్టితే పెళ్లలు బయటికి వెళ్లిపోతాయి. దమ్ములో రేకు దించితే చదును కూడా అయిపోతుంది. పక్కన నేల మీద జారే స్కిడ్లు ఉన్నది లోతు పట్టడానికి. హైడ్రాలిక్ లివర్‌తోనే లోతు పట్టేవాళ్లు ఒక చోట ఆరంగుళాలు, ఇంకో చోట మూడంగుళాలు దున్ని వెళ్తారు.

అసలు విషయం పదును, అంటే నేలలో తడి సరిపడా ఉండడం. నల్లరేగడిలో తడి ఎక్కువ ఉన్నప్పుడు దించితే ఎల్ పాదం మట్టిని కోయదు, వెన్న కత్తిలా పూసుకుంటూ పోతుంది. అడుగున నునుపుగా, మెరుస్తూ ఒక పొర ఏర్పడుతుంది. ఏటేటా అదే నాలుగైదంగుళాల లోతులో అదే పాదం అదే చోట రాసుకుంటూ పోతే ఆ పొర పలకలా బిగుస్తుంది. పత్తి తల్లివేరు ఆ పలక దాకా వెళ్లి పక్కకు తిరుగుతుంది. చెట్టు పీకి చూస్తే వేరు గొర్రు కొక్కెంలా వంగి ఉంటుంది. పెద్ద వాన పడితే నీళ్లు ఆ పలక మీదే నిలిచి చెట్టు పసుపు తిరుగుతుంది, బెట్ట వస్తే కింద ఉన్న తేమ వేరుకు అందదు. మట్టిని తొక్కకుండా గుల్ల చేయాలని హోవర్డ్ మొదలుపెట్టిన యంత్రంతోనే మనం కింద పలక కట్టిస్తున్నాం. దీనికి ఆయన బ్లేడును తిట్టి లాభం లేదు. వేసవి దుక్కికి నాగలి, అవసరమైన ఏడాది అడుగు పలకను చీల్చే చిజిల్ ప్లౌ, చివరి దుక్కికి మాత్రమే రోటావేటర్ అన్న వరస వదిలేసి, మూడింటికీ రోటావేటరే వాడడం మన అలవాటు. పలక ఉందో లేదో చూడాలంటే వాన వెలిసిన రెండో రోజు సన్నటి ఇనుప కడ్డీ నేలలో గుచ్చండి. సాఫీగా దిగి, నాలుగైదంగుళాల దగ్గర ఆగి, బలంగా తోస్తే మళ్లీ సాఫీగా దిగితే పలక ఉన్నట్టే.

మరీ పొడి నేలలో ఇంకో రకం నష్టం. ఎర్ర చెలకల్లో బెట్ట మీద రెండు సార్లు తిప్పితే మట్టి గోధుమ పిండి అవుతుంది. మొదటి వానకే పైన అట్ట కడుతుంది, విత్తనం మొలక ఆ అట్ట కింద మెడ వంచుకుని చస్తుంది. గుప్పెడు మట్టి పిసికితే ఉండ కట్టాలి, ఆ ఉండ నడుము ఎత్తు నుంచి వదిలితే పగలాలి. పగలకుండా అతుక్కుంటే ఇంకో రెండు రోజులు ఆగాలి, ఉండే కట్టకపోతే తడి ఇచ్చి రావాలి.

తుంగ, గరిక ఉన్న చేలో రోటావేటర్ వేస్తే కలుపు తీసినట్టు కాదు, నాటినట్టు. ఎల్ బ్లేడు గరిక కణుపులను ముక్కలు చేసి చేనంతా పరుస్తుంది, కణుపు ఉన్న ప్రతి ముక్కా మళ్లీ లేస్తుంది. తుంగ గడ్డలను గొలుసులు తెంపి అన్ని మూలలకూ చేరుస్తుంది. అక్కడ ఎండల్లో నాగలితో తిరగేసి, గడ్డలు పైకి తేల్చి ఎండబెట్టే పాత పద్ధతే గెలుస్తుంది. పత్తి కట్టె, మొక్కజొన్న దంట్లు, వరి కొయ్యకాళ్లు ముక్కలు చేసి మట్టిలో కలపడంలో మాత్రం రోటావేటర్‌కు సాటి లేదు. కొయ్యకాళ్లు తగలబెట్టే బదులు ఒక తడి ఇచ్చి, పదును మీద ఒకసారి తిప్పితే నేలకు తిండి.

ఇక షెడ్డు సంగతులు. కొత్త బ్లేడ్లు బిగించాక మొదటి గంట నడిపి ఆపి, బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. బ్లేడు మీది పెయింటు, దుమ్ము నలిగి సందు పడుతుంది, బోల్టు వదులవుతుంది. వదులు బోల్టు ఒక్క రోజులో ఫ్లాంజి రంధ్రాన్ని కోడిగుడ్డు చేస్తుంది, ఆ తర్వాత ఎన్ని బోల్టులు మార్చినా నిలవవు. మామూలు బోల్టు పెట్టొద్దు, గట్టి ఉక్కుతో చేసిన హైటెన్సైల్ బోల్టే పెట్టాలి. అరిగిన బ్లేడ్ల మధ్య ఒక్క కొత్తది వేస్తే పొడుగ్గా ఉన్నది అదొక్కటే కాబట్టి దెబ్బలన్నీ అదే తింటుంది, ముందు అదే విరుగుతుంది. కనీసం ఒక ఫ్లాంజి వరకైనా అన్నీ కలిపి మార్చాలి. అరిగిన పాదానికి వెల్డింగ్ పూత పోయించుకునేవాళ్లు వంపు దగ్గరికి వేడి పోనివ్వకూడదు. గట్టితనం పోసిన ఉక్కు అది. వేడి తగిలిన చోట పెళుసెక్కి, మొదటి రాయికే వంపు దగ్గర పుటుక్కుమంటుంది. విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, రేకు ఎత్తి కట్టి తోలేటప్పుడు వెనక మనుషులు, ముఖ్యంగా పిల్లలు, ఉండకూడదు.

ట్రాక్టర్ ఇంజన్ బలాన్ని మిషన్‌కు అందించే పీటీవో షాఫ్ట్ రెండు ముక్కలు కలిపేటప్పుడు రెండు చివరల కొమ్ములూ ఒకే వరసలో ఉండాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పడితే షాఫ్ట్ ఎగుడుదిగుడుగా తిరిగి క్రాసులు, పీటీవో సీలు రెండూ తినేస్తుంది. లోపలి గొట్టం బయటి గొట్టంలో కనీసం జానెడు దూరి ఉండాలి. మలుపుల్లో మిషన్‌ను పూర్తిగా ఎత్తేసి బ్లేడ్లు తిప్పుతూ తిరగడం అందరూ చేసే తప్పు. షాఫ్ట్ కోణం ఎక్కువై జాయింటు కటకటలాడుతుంది. ఆ చప్పుడు వినగానే పీటీవో తీసేయాలి, లేదా బ్లేడు నేల విడిచేంత మాత్రమే ఎత్తి తిప్పాలి.

గేర్‌బాక్సులో, పక్క గేర్ కేసులో 90 నంబరు గేర్ ఆయిల్. కొత్త మిషన్‌కు సుమారు 50 గంటలకే మొదటిసారి మార్చేయాలి, గేర్లు ఒరుసుకున్న ఇనుప పొడి అందులో ఉంటుంది. తర్వాత అదను అదనుకూ చూస్తే చాలు. ప్లగ్గు విప్పినప్పుడు ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే దమ్ము నీళ్లు లోపలికి వెళ్లాయి, సీలు పోయింది. సీలు ఎందుకు పోతుందో చూడాలంటే రోటర్ రెండు చివరల దగ్గర వేళ్లు పెట్టి తడమండి, మిషన్ ఆపి, దిమ్మ మీద నిలిపాకే సుమా. పురికొస, డ్రిప్పు గొట్టం ముక్కలు, మల్చింగ్ షీటు పీలికలు, యూరియా సంచి దారాలు అక్కడే చుట్టుకుని ఉంటాయి. చుట్టుకున్న దారం సన్నగా సీలు పెదవి కిందికి దూరుతుంది, ఆయిల్ బయటికి, బురద లోపలికి. బేరింగు అరుపు వినపడేసరికి ఇరుసు కూడా అరిగిపోయి ఉంటుంది. రోజూ సాయంత్రం కొడవలితో ఆ దారాలు కోసి తీయడానికి పట్టే కాలం ఐదు నిమిషాలు.

హోవర్డ్ 1971లో కన్ను మూశాడు. ఆయన కంపెనీల గుంపును 1985లో డెన్మార్క్‌కు చెందిన థ్రిగె ఆగ్రో కొనుక్కుంది, 2000 డిసెంబరులో అది కాంగ్‌స్కిల్డె చేతికి వెళ్లింది. మన దగ్గర రోటావేటర్లు చేసే కంపెనీలు ఇప్పుడు లెక్కకు మించి ఉన్నాయి. రంగులు వేరు, స్టిక్కర్లు వేరు, గేర్‌బాక్స్ ధీమాలు వేరు. రేకు ఎత్తి లోపల చూస్తే మాత్రం సన్నటి రోటరు, జానెడు పైచిలుకు ఎడంలో ఫ్లాంజీలు, ఎదురెదురుగా లెఫ్టు మూడు, రైటు మూడు.